రిజిస్టరులో సంతకం పెట్టనివారు

గ్రంథాలయ శాస్త్రంలో పీజీ, అంటే ఎం.ఎల్.ఐ.ఎస్సీ., చదివి, పోటీ పరీక్ష రాసి, ఉత్తర చెన్నైలో ఒక శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్‌గా చేరి ఎనిమిది నెలలైందని మీ ఉత్తరంలో రాశారు. ప్రజా గ్రంథాలయాల్లో పైకి ఎదిగే దారి ఉందా, లేక కళాశాల ఉద్యోగాలకు అర్హత పరీక్ష అయిన నెట్ రాసి అటు వెళ్ళిపోవడం మేలా అన్నది మీ మొదటి ప్రశ్న. మీరూ ఒక సహాయకుడూ తప్ప ఎవరూ లేనిచోట నాయకత్వం అంటే ఎవరికి నాయకత్వం అన్నది రెండోది. పేటవాళ్ళకు ఏదైనా చేయాలంటే డ్యూటీ ముగిశాక చేయాలా, డ్యూటీలో భాగంగానే చేయాలా అన్నది మూడోది. నేను ఇదే నగరంలో ముప్పైనాలుగేళ్ళు ఈ ఉద్యోగం చేసి 2021లో రిటైరయ్యాను. మూడు ప్రశ్నలకూ నా జవాబు ఒకేచోట మొదలవుతుంది కాబట్టి వరుస తప్పి రెండోదానితో మొదలుపెడతాను.

తొంభైల చివర్లో నేను పెరంబూరు వైపు ఒక శాఖలో ఉండేదాన్ని. ఉదయం ఎనిమిదింటికి తాళం తీసేసరికే మెట్ల మీద ఒక పెద్దాయన కూర్చుని ఉండేవారు. రైలు పెట్టెల కర్మాగారంలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. స్వస్థలం నెల్లూరు వైపు. కిటికీ పక్క కుర్చీ ఆయనది. మాకు వచ్చే ఒకే ఒక్క తెలుగు దినపత్రికను మొదటి పేజీలో తేదీ దగ్గరి నుంచి చివరి పేజీ అడుగున ముద్రాపకుడి పేరు దాకా చదివేవారు. చదవడం అయ్యాక పేజీలన్నీ వరుసగా పేర్చి, మడత మీద అరచేత్తో రెండుసార్లు అదిమి, అప్పుడే వచ్చిన పేపరులా చేసి బల్ల మీద పెట్టి వెళ్ళేవారు. వచ్చినవాళ్ళు సంతకం చేసే రిజిస్టరును మాత్రం ముట్టుకునేవారు కాదు. "రోజూ వచ్చేవాడికి సంతకం ఎందుకమ్మా" అనేవారు.

ఒక ఏడాది పత్రికల జాబితా సవరించారు. చదివేవారు తక్కువని తెలుగు పత్రిక తీసేశారు. అదే నెలలో ఏదో పోటీ పరీక్ష ప్రకటన పడింది. కుర్రవాళ్ళు గుంపులుగా రావడం మొదలుపెట్టారు. కిటికీ పక్క కుర్చీ కూడా నిండింది. నెలాఖరు నివేదికలో 'పాఠకుల రాక పెరిగింది' అని రాసి, అంకె వేసి, పై ఆఫీసుకు పంపాను. అంకె నిజమే. ఆ పెద్దాయన రావడం లేదన్న సంగతి నాకు తట్టడానికి మూడు వారాలు పట్టింది. అదీ ఒక సాయంత్రం బల్ల మీద పేపర్లన్నీ చిందరవందరగా పడి ఉంటే, వీటిని ఎవరూ మడత పెట్టడం లేదేమిటా అని ఆలోచించినప్పుడు.

ఆ ఆదివారం ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. రెండు సందుల అవతలే. మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టారు. "పేపరు లేదు కదమ్మా. చదువుకునే పిల్లలకే చోటు చాలడం లేదు. నేను ఊరికే వచ్చి కూర్చుంటే ఏం బాగుంటుంది" అన్నారు. ఆయనకు కోపం లేదు. ఫిర్యాదు చేసే మనిషే అయితే నాకు మొదటి రోజే తెలిసి ఉండేది.

మరునాడు నా డైరీలో వెనక పేజీ నుంచి ఒక జాబితా మొదలుపెట్టాను. రావడం మానేసినవాళ్ళు, గుమ్మం దాకా వచ్చి ఆగిపోయినవాళ్ళు, ఈ భవనంతో తమకు పని ఉంటుందని ఎన్నడూ అనుకోనివాళ్ళు. పేరు తెలిస్తే పేరు, తెలియకపోతే ఏదో ఒక గుర్తు, ఎదురుగా కారణం. తర్వాత ఏ శాఖకు మారినా ఆ జాబితా నాతో వచ్చింది. నాయకత్వం ఎవరికి అని అడిగారు కదమ్మా, ఆ వెనక పేజీలో ఉన్నవాళ్ళకు. కింద ఎంతమంది పనిచేస్తున్నారన్నది జీతం కాగితానికి సంబంధించిన విషయం. లోపల కూర్చున్నవాళ్ళకు సేవ చేయడం మన ఉద్యోగం, దాన్ని శ్రద్ధగా చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. బయట ఆగిపోయినవాడి తరఫున ఫైలు నడిపి, ఆ అడ్డు తీయించేదాకా వదలనివాళ్ళు తక్కువ. నా దృష్టిలో నాయకులు వాళ్ళే, వాళ్ళు ఏ శ్రేణిలో ఉన్నా సరే.

ఆ పేపరు తిరిగి తెప్పించడానికి ఐదు నెలలు పట్టింది. ఈ భాగం కాస్త వివరంగా రాస్తాను. కొత్తగా చేరినవాళ్ళు తడబడేది ఇక్కడే. జిల్లా అధికారికి ఫోను చేస్తే "చూద్దాం" అన్న జవాబు వస్తుంది. ఆ మాట ఫైలులోకి ఎక్కదు. అందుకని ముందు వాసగర్ వట్టాన్ని, అంటే మన పాఠకుల బృందాన్ని, సమావేశపరిచాను. మీ శాఖకూ కాగితం మీదైనా ఒకటి ఉండే ఉంటుంది, లేకపోతే మొదట దాన్ని బతికించండి. తీర్మానం మినిట్స్ పుస్తకంలో రాయించాను. పేటలో తిరిగి సంతకాలు సేకరించాం. ఏడాది చందా ఎంత, ఎంతమంది అడుగుతున్నారు, తీసేయడం వల్ల మిగిలింది ఎంత అన్న మూడు సంగతులే ఒక పేజీలో రాసి, తీర్మానం నకలు జతచేసి పంపాను. జవాబు రాకపోతే నెలకొకసారి అదే పాత లేఖ సంఖ్య, తేదీ ఉదహరిస్తూ ఇంకో లేఖ. ఈలోగా వీధి చివర కిరాణా కొట్టు యజమాని ఆరు నెలల చందా తనే కట్టారు. మొదటి రోజు పేపరు నేనే పట్టుకెళ్ళి ఆ పెద్దాయన ఇంట్లో ఇచ్చి, మర్నాటి నుంచి ఇక్కడికి తెచ్చివ్వనని చెప్పి వచ్చాను.

సంతకాల సంగతి ఇంకొకటి ఉంది. మొత్తం నలభై మూడు వచ్చాయి. అందులో ఇరవై తొమ్మిది తమిళ అక్షరాల్లో ఉన్నాయి. తెలుగు పేపరు కావాలని తమిళంలో సంతకం చేశారు. మా నాన్న చదువుతారని, మా అత్తగారికి కావాలని. మీరూ ఇక్కడే పుట్టి పెరిగారు కాబట్టి ఇది మీకు వింతగా తోచదు. షావుకారుపేటలో, కొరుక్కుపేటలో, వ్యాసర్‌పాడిలో ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఉద్యోగంలో ఇంగ్లీషు. మాట మిగిలింది, అక్షరం పోయింది. 2006 నాటి తమిళనాడు చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి పాఠ్యాంశం అయింది. దాని మంచిచెడ్డలు ఇక్కడ తేల్చలేం, పైగా ఉన్న రాష్ట్రపు భాష పిల్లలు నేర్చుకోవలసిందే. అయితే అక్షరం పోవడం అంతకు చాలా ముందు నుంచే జరుగుతోందని ఆ సంతకాల కాగితమే నాకు చెప్పింది.

అక్కడి నుంచి శనివారం సాయంత్రాల తెలుగు తరగతి పుట్టింది. నేర్పింది ఆ ఫిట్టరు గారే. పాత పేపర్ల శీర్షికల్లోంచి పెద్ద అక్షరాలు కత్తిరించి, చొక్కాల పెట్టెల అట్టల మీద అంటించి తెచ్చేవారు. అన్నీ దొరికాయి గాని బండి ఱ దొరకలేదు. వారం రోజులు వెతికారు. చివరికి దాన్ని తన చేత్తోనే రాసి, ఇది చేతిరాత అని కింద చిన్నగా రాసిపెట్టారు. మొదటి రోజు ఏడుగురు వచ్చారు. అందులో ముగ్గురు నలభై దాటిన ఆడవాళ్ళు. పిల్లల కోసం అనుకుని పెట్టిన తరగతిలో తల్లులు కూర్చున్నారు. ఆ ముగ్గురిలో ఒకావిడ రెండేళ్ళ తర్వాత మా పాఠకుల బృందానికి కార్యదర్శి అయ్యారు.

ఇక మీ మొదటి ప్రశ్న. దారి ఉంది, కానీ అది నిదానం. మూడో శ్రేణి నుంచి రెండు, ఒకటి, ఆ తర్వాత తనిఖీ అధికారి, జిల్లా గ్రంథాలయ అధికారి దాకా. మధ్యలో బదిలీలు, ఖాళీలు నిండని ఏళ్ళు, సీనియారిటీ జాబితా మీద వివాదాలు. కళాశాలలో నెట్ గాని రాష్ట్ర స్థాయి సెట్ గాని ఉండి నియామకం దొరికితే జీతం యూజీసీ వేతన స్కేళ్ళ ప్రకారం ఉంటుంది, పాఠకులు ఎవరో ముందే తెలుసు, సెలవులు తెలుసు. కుటుంబ పరిస్థితి వల్ల అటు వెళ్ళవలసి వస్తే మనసులో ఏ మూలా తప్పుగా అనుకోకండి. నాకైతే మూడేళ్ళ పసివాడి నుంచి ఎనభై ఏళ్ళ ముసలావిడ దాకా ఒకే గుమ్మంలోంచి వచ్చే చోటే నచ్చింది. ఎం.ఫిల్. చేసిన కుర్రవాడూ, అక్షరం రాని తల్లీ ఒకే బల్ల దగ్గర కూర్చునే చోటు ఊరిలో ఇంకొకటి లేదు.

పైకి ఎదగాలనుకుంటే చట్టం చదవండి. దీన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. 1948 నాటి మద్రాసు ప్రజా గ్రంథాలయాల చట్టం స్వతంత్ర భారతంలో ఈ రకం చట్టాల్లో మొట్టమొదటిది. అప్పట్లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు అన్నీ మద్రాసు కిందే ఉండేవి కాబట్టి అది మన తెలుగు జిల్లాల చట్టం కూడా. దాని వెనక మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన ఎస్.ఆర్. రంగనాథన్ గారి కృషి ఉంది. ఈ చట్టం వల్లనే ప్రతి ఇంటి ఆస్తి పన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. తమిళనాడులో అది ఇప్పుడు పన్ను రూపాయికి పది పైసలు. ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది, కర్ణాటకలో ఆరు. అంటే మీ శాఖ ముందు నుంచి తలవంచుకుని వెళ్ళిపోయే ప్రతి ఇంటాయనా మీ పుస్తకాలకు డబ్బు కట్టినవాడే. ఈ మాట నేను నా సిబ్బందికి ఏటా చెప్పేదాన్ని. వచ్చినవాడికి మనం ఉపకారం చేయడం లేదు, అతని డబ్బుకు అతనికి లెక్క అప్పజెబుతున్నాం. సెస్సు వసూలు చేసేది స్థానిక సంస్థ, ఖర్చు పెట్టేది గ్రంథాలయ ఆణైక్కుళు, అంటే గ్రంథాలయాల పాలక సంస్థ. మధ్యలో జమ ఆలస్యమైతే పుస్తకాల కొనుగోలు ఆగుతుంది. ఆ జమల పట్టిక చదవగలిగిన లైబ్రేరియన్‌కు సమావేశంలో దక్కే గౌరవం వేరు. నాకు పదోన్నతి వచ్చినప్పుడు ఇంటర్వ్యూ గదిలో ఎవరూ పుస్తకాల వర్గీకరణ గురించి అడగలేదు. బడ్జెట్ గురించి అడిగారు.

వర్గీకరణ ముఖ్యం కాదని దీనర్థం కాదు. ఒక శాఖలో బాధ్యతలు తీసుకున్న వారంలోనే తెలుగు వ్యాకరణ పుస్తకాలు కన్నడ అరలో కనబడ్డాయి. లిపి చూసి గుండ్రంగా ఉంది కదా అని ఎవరో అలా పెట్టేశారు. విషయాన్ని బట్టి పుస్తకానికి అంకె ఇచ్చే డ్యూయీ పద్ధతిలో, సాహిత్యమే తీసుకుంటే, తమిళం 894.811, కన్నడం 894.814, తెలుగు 894.827. అంకెలో అంత చిన్న తేడా. కానీ పుస్తకం తన చోట లేకపోతే పాఠకుడికి అది లేనట్టే. ఒక కార్తీక పురాణం వంటల పుస్తకాల మధ్య పదేళ్ళు నిలబడి ఉంది, ఒక్కసారీ బయటికి వెళ్ళలేదు. చోటు మార్చిన నెలలోనే ముగ్గురు తీసుకెళ్ళారు. తెలుగు చదవగలిగిన లైబ్రేరియన్‌గా ఈ నగరంలో మీరు చేయగలిగిన పని ఇది. మీ శాఖతో ఆగకండి, చుట్టుపక్కల నాలుగు శాఖల తెలుగు అరలు చూసి రండి. అలాగే ఎగ్మూరులో 1896 నుంచి నడుస్తున్న కన్నెమరా గ్రంథాలయానికి ఒకసారి ఉద్యోగిగా కాక పాఠకురాలిగా వెళ్ళండి. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక ప్రతి చేరవలసిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి. విజయవాడలో అచ్చయిన నవల కూడా ముప్పై రోజుల్లో ప్రచురణకర్త సొంత ఖర్చుతో అక్కడికి పంపాలి. అంటే మీ పేటలో ఎవరైనా తెలుగు పరిశోధక విద్యార్థి పుస్తకం కోసం హైదరాబాదు రైలెక్కబోతుంటే, ఆపి ముందు ఎగ్మూరు బస్సు ఎక్కించాలి.

తాళాల సంగతి కూడా చెప్పాలి. పుస్తకం పోతే జీతంలో కోస్తారన్న భయంతో బీరువాలకు తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకుని కూర్చున్న సీనియర్లను మీరు చూస్తారు. వాళ్ళను తప్పుపట్టను, కొందరికి నిజంగానే కోశారు. కానీ ఆ తాళం ముందు ఆగిపోయేవాళ్ళ పేర్లు నా వెనక పేజీల్లో చాలా ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు, 2017లో సవరించినవి, 215వ నియమం చూడండి. నిర్లక్ష్యం, అవినీతి లేకపోతే, ఏడాదిలో ఇచ్చిన లేదా చదివిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోవడం సహజమని అందులో రాసి ఉంది. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకమో, అరుదైన పుస్తకమో పోతే మాత్రం విచారించాలి. అది కేంద్ర సంస్థల నియమం, మన శాఖలకు రాష్ట్ర నియమాలే వర్తిస్తాయి. అయినా ప్రభుత్వమే ఒప్పుకున్న సూత్రం ఇదని చూపించి వాదించవచ్చు, నేను వాదించాను. అరుదైనవి తాళంలో ఉంచి మిగతావన్నీ బయట పెట్టడానికి లిఖితపూర్వక అనుమతి తెచ్చుకున్నాను. అనుమతి కాగితం లేకుండా తాళం తీయకండి. మంచి పని చేసి మెమో అందుకుంటే మీ తర్వాత వచ్చేవాళ్ళు ఆ పని చేయడానికి జంకుతారు.

ఈ చెన్నైలోనే 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో చేరిన రంగనాథన్ గారు అంతకుముందు ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కల మాస్టారు. పుస్తకాల మధ్య ఒంటరితనం భరించలేక కొద్దిరోజులకే తిరిగి కాలేజీకి వచ్చేస్తానని అడిగారట. లండన్ వెళ్ళి వచ్చాక కూడా ఇష్టం లేకపోతే అప్పుడు చూద్దామని పంపారు. అక్కడ ప్రజా గ్రంథాలయాల్లో మామూలు మనుషులకు జరిగే సేవ చూశాక మళ్ళీ వెనక్కి తిరిగి చూడలేదు. ఎనిమిది నెలల్లో మీకు కలిగిన విసుగు ఆయనకూ కలిగిందని చెప్పడానికే ఇది రాశాను. పుస్తకాలు వాడుకోవడానికే అన్న ఆయన మొదటి సూత్రం ఇప్పుడు పరీక్షలో ఒక మార్కు ప్రశ్న. తాళం వేసిన బీరువా ముందు నిలబడి చదివితే అదొక పెద్ద పోరాటం.

మన తెలుగువాళ్ళూ తక్కువ తినలేదు. అయ్యంకి వెంకటరమణయ్య గారు బెజవాడలో 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని నిలబెట్టినప్పుడు వెనక చట్టం లేదు, సెస్సు లేదు. 1931లో ఇక్కడి తమిళనాట మన్నార్‌గుడి దగ్గర పుస్తకాలు ఎడ్లబండి మీద ఊళ్ళకు వెళ్ళాయి. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. రాలేనివాడి దగ్గరికి మనమే వెళ్ళాలన్న ఆలోచన మన వృత్తిలో అంత పాతది.

నా జాబితాలో అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చిన కారణం ఏమిటో చెబితే మీరు ఆశ్చర్యపోవచ్చు, పోకపోవచ్చు. మరుగుదొడ్డి. ఒక శాఖలో ఆడవాళ్ళు అరగంట కంటే ఎక్కువ కూర్చోరు. మొదట్లో వాళ్ళకు చదివే ఓపిక లేదని నేనూ అనుకున్నాను, ఆ తప్పు నాదే. పోటీ పరీక్షకు చదివే ఒకమ్మాయి పొద్దుటి నుంచి మంచినీళ్ళు తాగకుండా కూర్చుని, మధ్యాహ్నం కళ్ళు తిరిగి పడిపోయింది. అప్పుడు అడిగితే చెప్పింది. భవనం వెనక ఒకటి ఉంది, దాని తాళం పక్క కార్యాలయం దగ్గర, వాళ్ళది ఐదింటికి మూసేస్తారు. ఆ ఒక్క తాళంచెవి నకలు కోసం పదకొండు లేఖలు రాశాను. తర్వాత వార్డు నిధుల్లోంచి కొత్తది కట్టించడానికి ఇంకో రెండేళ్ళు. ఆ రెండేళ్ళలో కౌన్సిలరు మారారు, ఇంజనీరు మారారు, ఫైలు ఒకసారి కనబడకుండా కూడా పోయింది. ప్రతి లేఖ నకలూ నా దగ్గర ఉంది కాబట్టి కొత్త ఫైలు తయారు చేయించగలిగాను. కట్టిన నెలలో సాయంత్రం ఆరు తర్వాత కూర్చునే ఆడపిల్లలు ఇద్దరి నుంచి పద్నాలుగుకు పెరిగారు. నా సర్వీసులో నేను గర్వపడే పని ఏదని అడిగితే ముందు దీన్నే చెబుతాను, సన్మానాల ఫొటోలు చూపించను.

2015 డిసెంబరు వరద గురించి రాయకపోతే ఈ జవాబు పూర్తి కాదు. అప్పటికి నేను అడయారుకు దగ్గరగా ఒక శాఖలో ఉన్నాను. నీళ్ళు తగ్గాక తలుపు తీస్తే కింది రెండు అరలూ ఉబ్బి, పుస్తకాలు ఒకదానికొకటి బిగుసుకుపోయి, చేత్తో లాగితే రావడం లేదు. అలాంటప్పుడు లాగకూడదు. అర పక్క చెక్కలు విప్పి వదులు చేయాలి. తడి పుస్తకాన్ని వెంటనే తెరవకూడదు, బురద అంటితే మూసి ఉంచే మంచినీళ్ళలో ముంచి తీయాలి. తర్వాత నిలువుగా నిలబెట్టి, పది పదిహేను పేజీలకొకటి చొప్పున అచ్చులేని తెల్ల న్యూస్‌ప్రింట్ దూర్చి, అవి తడిసినప్పుడల్లా మార్చాలి. ఎండలో పెడితే అట్ట వంకరపోతుంది, గాలే కావాలి. నున్నటి ఆర్ట్ పేపరు పుస్తకాలు ఆరితే పలకలా అంటుకుపోతాయి, వాటిని తడి మీదనే ముందుగా విడదీయాలి. రెండు రోజులు దాటితే బూజు. ఇవన్నీ నాకు తెలుసు. కానీ కరెంటు లేదు, మనుషులు లేరు, మా సహాయకుడి ఇల్లే మునిగింది.

మూడో రోజు కరెంటు వచ్చింది. నేను ఎవరినీ పిలవలేదు. ఒకతను టేబుల్ ఫ్యాను మోసుకుంటూ వచ్చాడు. వెనకే ఇంకొకరు. సాయంత్రానికి తొమ్మిది ఫ్యాన్లు. తమ ఇంట్లో పరుపులు ఇంకా ఆరలేదు, అయినా పుస్తకాలకు ఫ్యాను తెచ్చారు. ఒక ప్రెస్సాయన అచ్చులేని న్యూస్‌ప్రింట్ రోలు పంపించారు. నాలుగు వందలకు పైగా తడిస్తే సగానికి పైగా దక్కాయి. పోయినవాటిని లెక్కలోంచి కొట్టేయడానికి, వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నమోదు చేసే యాక్సెషన్ రిజిస్టరు ఆధారమైంది. దాన్ని ఎప్పుడూ ఇనుప బీరువా పై అరలోనే పెట్టమని నాకు తొలి ఏడాదిలోనే ఒక పెద్దావిడ చెప్పారు. మీరూ ఇవాళే చూడండి, మీది ఏ అరలో ఉందో. కంప్యూటర్‌లో ఎక్కించాం కదా అని ఊరుకోకండి. మీరు వాడే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ కోహా గాని ఈ-గ్రంథాలయ గాని, అందులోని వివరాల నకలు ఒకటి భవనం బయట ఉండాలి.

ఆ తొమ్మిది ఫ్యాన్లే మీ మూడో ప్రశ్నకు జవాబు అనుకుంటాను. డ్యూటీలోనా, డ్యూటీ తర్వాతా? నేను రెండు విధాలా చేశాను, అందులో ఒకటి తప్పు. మొదటి పదేళ్ళు ఆదివారాలు, సెలవులు, సాయంత్రాలు అన్నీ పేటకే ఇచ్చాను. ఇంట్లో పిల్లవాడి చదువు నా భర్త ఒక్కరే చూసుకున్నారు. అంతకంటే పెద్ద నష్టం ఏమిటంటే, నేను బదిలీ కాగానే ఆ పనులన్నీ ఆగిపోయాయి. అవి నా సొంత పనులుగా ఉన్నాయి, గ్రంథాలయం పనులుగా నమోదు కాలేదు. శనివారం తరగతి మాత్రం ఆగలేదు, ఎందుకంటే అది తీర్మానంతో మొదలైంది, దానికొక రిజిస్టరు ఉంది, నడిపేవాళ్ళు పేటవాళ్ళే. అందుకని చేయదలచుకున్నదాన్ని కార్యక్రమంగా రాయండి, అనుమతి తీసుకోండి, పని వేళల్లో పెట్టండి, నివేదికలో చూపండి. నడిపే బాధ్యత వీలైనంత త్వరగా పాఠకుల చేతికి ఇవ్వండి. వెయ్యి రూపాయలు కట్టి పురవలర్‌గా, అంటే పోషకుడిగా, చేరిన దాత పేరు గోడ మీద రాస్తాం, మంచిదే. వారానికి రెండు గంటలు ఇచ్చే మనిషి పేరు కూడా రాయండి.

ఇంకొక జాగ్రత్త. పోటీ పరీక్షల పిల్లలు మీ గదంతా ఆక్రమించారని, ముసలివాళ్ళు గొణుగుతున్నారని రాశారు. ఆ పిల్లలను విసుక్కోకండి, ఒకే గదిలో ఆరుగురుండే ఇళ్ళ నుంచి వస్తారు వాళ్ళు. కోట్టూరుపురంలో 2010లో అణ్ణా శతజయంతి గ్రంథాలయం కట్టినప్పుడు సొంత పుస్తకాలతో చదువుకునేవారికి విడిగా చోటిచ్చారు. ఆ ఆలోచన చిన్న శాఖకూ పనికొస్తుంది. వెనక వరండాలో రెండు పొడవు బల్లలు, ఒక ట్యూబ్‌లైటు, ఒక ప్లగ్ పాయింటు. ఉదయం పది దాకా కిటికీ పక్క కుర్చీలు పేపరు చదివేవారికే. పిల్లలకు నేరుగా చెబితే వింటారు. మా శాఖలో ఆ నియమాన్ని వాళ్ళే అట్ట మీద రాసి తగిలించారు.

మీ పేటలో పారిశుద్ధ్య కార్మికుల వీధి ఉందని, అక్కడ అందరూ తెలుగువాళ్ళేనని, ఒక్క పిల్లా లోపలికి రాదని రాశారు. అది నాకు బాగా తెలిసిన కథ. నా జాబితాలో అలాంటి వీధి ఎదురుగా 'చిరునామా రుజువు' అని ఉండేది. సభ్యత్వానికి డిపాజిట్ కొద్దిపాటిదే, కానీ కాగితం అడిగితే తల్లులు వెనక్కి వెళ్ళిపోయేవారు. కార్పొరేషన్ బడి ప్రధానోపాధ్యాయురాలి సంతకంతో ధ్రువపత్రం చెల్లుతుందని పై ఆఫీసు నుంచి ఒక లేఖ తెచ్చుకున్నాను, ఒకే నెలలో ఇరవై రెండు కార్డులు రాశాం. ఆ లేఖ నకలు నా పాత ఫైలులో ఉంది, మీకు పంపిస్తాను. ముందు మీరు ఒక సాయంత్రం ఆ వీధికి వెళ్ళండి. బ్యానరు వద్దు, మైకు వద్దు. బొమ్మలున్న పుస్తకాలు ఓ పది సంచిలో వేసుకుని వెళ్ళి, ఎవరి గుమ్మంలోనైనా కూర్చుని తెలుగులో చదవడం మొదలుపెట్టండి. ఎవరు వచ్చారో, ఎవరు దూరంగా నిలబడ్డారో ఆ రాత్రి డైరీ వెనక పేజీలో రాసుకుని, వచ్చే వారం నాకు చెప్పండి.